నల్లమీసం పడవ

మార్సల్‌ఫోర్న్ వాగు పొంగి, జనం మేడల కిటికీల్లోంచి పడవలెక్కిన వరద తర్వాతి ఏడు. సెప్టెంబరు నెల, మంగళవారం. తెల్లవారేసరికి గోజో దీవి రేవులో కార్మ్ను శవం తేలింది. టూరిస్టు లాంచీ నడిపే మనిషి. తల వెనక దెబ్బ. తాగి జారిపడ్డాడని రేవు ఠాణాలో రాసేశారు. కార్మ్ను పుట్టి బుద్ధెరిగాక చుక్క ముట్టలేదు.

గంట తర్వాత కాఫీ కొట్టులోని ఫోనులో విస్తిన్ గ్రెక్ రాజధానితో మాట్లాడుతున్నాడు. ఊరికి అతను టూరు గైడు, జీపు డ్రైవరు. పదహారేళ్లుగా రహస్య శాఖ ఏజెంటు.

"టూరు ఆపకు," అన్నాడు చీఫ్. "ఫిల్ము ఇవాళే చేతులు మారుతుంది. సముద్రం మీద. రెడ్‌హ్యాండెడ్‌గా దొరకాలి."

"కార్మ్నుని చంపేశారు సార్."

"విన్నాను. లాంచీకి ఇంకొకణ్ణి చూసుకో."

విస్తిన్ ఫోను పెట్టేశాడు.

ఆ ఫిల్ములో పన్నెండు పేర్లున్నాయి. సముద్రం అవతలి ఒడ్డున మారుపేర్లతో పనిచేస్తున్న పన్నెండుమంది. ఐదో పేరు సల్వు. విస్తిన్ తమ్ముడు. ఫిల్ము పరాయి ముఠా చేతిలో పడితే ఆ పన్నెండుమందీ మరో పొద్దు చూడరు.

తొమ్మిదిమంది టూరిస్టులు జీపు దగ్గర నిలబడి ఉన్నారు. అందులో ఒకామె తెల్ల టోపీ, నల్ల కళ్లద్దాలు, ఎర్రటి లిప్‌స్టిక్. మగవాళ్లెవరూ సముద్రం వైపు చూడటం లేదు. ఆమె అడక్కుండానే ముందు సీట్లో కూర్చుంది.

"ఉప్పు ఆరిందా?" అంది మెల్లగా.

"ఇంకొక ఎండ కావాలి," అన్నాడు విస్తిన్.

కోడ్ సరిపోయింది. పేరు లియాంటీన్. ముఠాలో ఉంటూ శాఖకు పనిచేసే డబుల్ ఏజెంటు. ఇక్కడి సెయింట్ పాల్స్ బే రేవులో జాలరి కూతురనీ, మన మనిషేననీ, ఫిల్ము ఎవరి దగ్గరుందో ఆమే చూపిస్తుందనీ చీఫ్ ముందే చెప్పాడు. ఆమె వెనక సీటు వైపు గడ్డంతోనే చూపించింది. మెడలో కెమెరా వేసుకున్న డచ్చి బడిపంతులు.

కోట చూపించాడు. ఉప్పుమడులు చూపించాడు. కార్మ్ను సంగతి ఎవరో అడిగితే గేరు కర్ర ఊడేలా లాగాడు. కొండ మీద జున్ను చేసే ఇంటి దగ్గర పంతుల్ని మేకల దొడ్లోకి తీసుకెళ్లి, కెమెరా విప్పి, సంచీ దులిపి, కోటు అంచులు కూడా తడిమాడు. కడుపునొప్పి మాత్రలు దొరికాయి. పెళ్లానికి రాసిన నాలుగు ఉత్తరాలు దొరికాయి. జున్ను దొంగతనం అనుకున్నారేమో అని పాపం ఆ పంతులు తను కొన్న ముక్క కూడా తీసి ఇచ్చేశాడు.

విస్తిన్ కొండ అంచుకెళ్లి ఫ్లాస్కు తెరిచాడు. శాఖవారి కొత్త పరికరం. పైన టీ, అడుగున రేడియో. రేడియో గురగురమంది, అంతే. టీ మాత్రం బాగుంది. ఫ్లాస్కుని కొండ కిందికి విసిరేశాడు.

మధ్యాహ్నం రేవులో లాంచీ దగ్గర కొత్త సరంగు కాచుకుని ఉన్నాడు. కంపెనీ పంపిందన్నాడు. విస్తిన్ అతని అరచెయ్యి పట్టి చూశాడు. తాడు లాగిన గుర్తు ఒక్కటి లేదు. ఇంటికి పొమ్మని చెప్పి చుక్కాని తనే పట్టుకున్నాడు.

పక్కనున్న కొమీనో దీవి గుహల దగ్గర నాలుగు చేపల పడవలున్నాయి. అక్కడ ప్రతి పడవ ముక్కుకీ రెండు కళ్లు గీస్తారు, కింద మీసంలాగా రంగు పట్టీ వేస్తారు. ఇంట్లో చావైతే ఆ మీసాన్ని నల్లగా మారుస్తారు. జాలరి టోనీ తల్లి లెంటు ఉపవాసాల రోజుల్లో పోయింది. అతని మీసం నలుపు. కానీ గుహ నోటి దగ్గర ఇంకొక నల్లమీసం ఉంది. విస్తిన్ ఎరగని పడవ.

అతను టోపీ తీశాడు. అలా తీసి, పోయిందెవరని అడగటం అక్కడి మర్యాద. అడిగాడు. ఆ పడవలో ఇద్దరున్నారు. ఇద్దరూ నవ్వి చేతులూపారు. ఒకడు బీరు సీసా పైకెత్తాడు.

"ఎంత ముద్దుగా ఉందో," అంది లియాంటీన్. "ఆ నలుపే అందం దానికి. కాస్త దగ్గరికి పోనివ్వు విస్తిన్, ఫొటో తీసుకుంటాను."

జాలరి కూతురట.

విస్తిన్ ఆమెను ఒకసారి చూశాడు. "అలాగే తల్లీ," అని లాంచీని టోనీ పడవ పక్కకి తిప్పాడు.

టోనీ అప్పటికే లేచి నిలబడి ఆ రెండో పడవనే చూస్తున్నాడు.

"ఎవర్రా వాళ్లు?" అన్నాడు విస్తిన్.

"తెలీదన్నా. పొద్దుట్నుంచీ చూస్తన్నా. నా పడవని చూసే ఏసుకున్నారు, గీత గీతా నాదే. మాయమ్మ చావు ఆళ్లకి రంగుల బొమ్మయిపోయింది."

"కార్మ్నుని చంపింది వాళ్లేరా."

టోనీ రెండు వేళ్లు నోట్లో పెట్టి ఈల వేశాడు. మిగిలిన రెండు పడవలూ గుహ నోటికి అడ్డంగా వచ్చి వలలు జారవిడిచాయి. పరాయి పడవ ఇంజను పెంచి లాంచీ మీదికే దూకింది. వల దాని అడుగున తిరిగే ఫ్యానుకు చుట్టుకుంది. ఇరవై అడుగుల దూరంలో గిలగిల్లాడి ఆగింది.

తను దొరికిపోయానని లియాంటీన్‌కి అర్థమైంది. సంచీలోంచి లిప్‌స్టిక్ తీసి, లేచి విసిరింది. అవతలివాడు చెయ్యి చాచాడు. ఆ చేతికి జానెడు ఇవతల, పొడుగు కర్రకు కట్టిన టోనీ చేతివల గాల్లోకి లేచింది. లిప్‌స్టిక్ అందులో పడింది.

"చిన్న చేప," అన్నాడు టోనీ.

విస్తిన్ లిప్‌స్టిక్ గొట్టం అడుగు విప్పి, ఇంకా కడగని, చిటికెన వేలంత ఫిల్ము చుట్టను బయటికి లాగి, ఎండలోకి బారెడు పొడుగున చాచి పట్టుకున్నాడు.

"పిచ్చా నీకు?" అంది లియాంటీన్. "అదే నీకున్న సాక్ష్యం. మీవాళ్లకేం చెప్తావు?"

"ఎండ బాగా కాసిందని చెప్తాను." ఎండకి చెడిన ఫిల్మును నీళ్లలో వదిలేశాడు. "కార్మ్నుని ఎందుకు చంపారు?"

ఆమె కళ్లద్దాలు తీసింది. "అతనికి ఈ నీళ్లలో ప్రతి పడవా తెలుసన్నారు. ఒక్కణ్ణి తప్పిస్తే చాలనుకున్నారు."

"ఒక్కడికే తెలుసనుకున్నారా?" అన్నాడు విస్తిన్. చుక్కాని పట్టుకున్న చేత్తో ఆమెను కొట్టకుండా ఉండటం పదహారేళ్ల ఉద్యోగంలోకెల్లా కష్టమైన పని అయింది.

పరాయి పడవలోని ఇద్దర్నీ ఒడ్డుకి చేర్చేలోగా టోనీవాళ్లు ఊరికే కూర్చోబెట్టలేదు. లియాంటీన్‌కి మాత్రం రాజధాని నుంచి కారు వచ్చింది. డ్రైవరు తలుపు తీసి పట్టుకున్నాడు. ఆమె ఇంకా పనికొస్తుందట. చీఫ్ ఫోనులో సాక్ష్యం ఏదని అరిచాడు. పేర్లు దాటిపోలేదు సార్ అని విస్తిన్ చెప్పాడు. ఠాణాలో రాసిన కార్మ్ను చావు కాగితం మార్చమని అడిగాడు. అది ఆపరేషన్‌కి సంబంధం లేని విషయమని చీఫ్ అన్నాడు. ఆ కాగితంలో కార్మ్ను ఇప్పటికీ తాగి జారిపడ్డవాడే.

మర్నాడు పొద్దున తొమ్మిదింటికి విస్తిన్ జీపు తుడుస్తుంటే డచ్చి పంతులు వచ్చాడు. టికెట్టు మీద మూడు గుహలని అచ్చేసి, ఒక్కటీ సరిగా చూపించలేదని ఫిర్యాదు. మేకల దొడ్డి సంగతి మర్యాదకి ఎత్తలేదు. విస్తిన్ గుడ్డ పక్కన పెట్టి, తప్పయిపోయింది క్షమించండి అని చెప్పి, అతన్ని ముందు సీట్లో కూర్చోబెట్టుకున్నాడు. ఆ వ్యవహారం మొత్తంలో ఎవరైనా ఎవరికైనా చెప్పిన క్షమాపణ అదొక్కటే.