ఒంటి గడియారం

2071 నాటికి క్యాన్సర్ వార్డుల్లో బేసిన్లు కనబడటం మానేశాయి. కీమోథెరపీ చేయించుకున్నవాళ్ళు తిన్నగా క్యాంటీన్‌కి నడిచొచ్చి, పెసరట్టులో ఉప్మా వేయించుకుని, అల్లం పచ్చడి ఇంకొంచెం వెయ్యమని దెబ్బలాడి మరీ తిని వెళ్తున్నారు. విశాఖపట్నంలో ఒక ఆస్పత్రి మెట్ల పక్కన అద్దాల పెట్టెలో పాత స్టీలు బేసిన్ పెట్టి, కింద 'వెనకటి వైద్యం' అని రాశారు. చూడ్డానికొచ్చిన పిల్లలు ముక్కు మూసుకుని నవ్వుకుంటారు.

ఇదంతా డాక్టర్ ప్రణీత్ చలవ. అతను కనిపెట్టింది చింతగింజంత పరికరం. మెడ కింద ఎముక దగ్గర చర్మంలో అమరుస్తారు. మన ఒంట్లో ప్రతి కణానికీ ఒక వేళ ఉంది. పేగుల లోపలి పొర, ఎముకల్లోని మూలుగ తమ వేళకి విభజన చెందుతాయి, తమ వేళకి విశ్రాంతి తీసుకుంటాయి. క్యాన్సర్ కణానికి వేళాపాళా లేదు. కీమో మందుకి విభజన చెందుతున్న కణం కనబడితే చాలు, మంచిదా చెడ్డదా అని చూడదు, చంపేస్తుంది. కాబట్టి మంచి కణాలు విశ్రాంతిలో ఉన్న సమయం కనిపెట్టి మందు వదలాలి. రక్తంలో జన్యువుల పనితీరు చూసి ఈ పరికరం ఆ సమయాన్ని పట్టుకుంటుంది. రోజు మొత్తంలో అది ఇరవై నాలుగు నిమిషాలే.

ఆ సమయానికి 'నెమ్మది ఘడియ' అనీ, పరికరానికి 'ఒంటి గడియారం' అనీ పేర్లు పెట్టింది ప్రణీత్ భార్య లాస్య. ఆమె నిఘంటువులు కూర్చే శాఖలో పనిచేసేది. "ఒంటి అంటే ఒంట్లో ఉండేదీ అవుతుంది, ఒంటరిగా ఉండేదీ అవుతుంది, బాగుంది కదా?" అంది ఆ రోజు. అతను ఆ మాట చెవిన వేసుకోలేదు.

నలభై వేలమందికి ఆ పరికరం పెట్టారు. ఒక్కరికీ వాంతి కాలేదు. తర్వాత లాస్యకి క్యాన్సర్ వచ్చింది. ఆమెకీ ఆ పరికరం పెట్టారు. ఆమెకి మాత్రం వాంతులయ్యాయి.

ప్రణీత్ సెలవు పెట్టి ఇంట్లో కూర్చున్నాడు. అటక మీంచి బేసిన్ దింపాడు. భార్య తల పట్టుకున్నాడు, మూతి తుడిచాడు, కొబ్బరినీళ్ళు చెంచాతో పట్టాడు. చూసిపోయినవాళ్ళంతా మొగుడంటే ఇలా ఉండాలన్నారు. కన్నీళ్ళు పెట్టుకున్నవాళ్ళూ ఉన్నారు. పరికరం కనిపెట్టినప్పుడు కూడా అతన్ని ఇంతగా మెచ్చుకోలేదు. నిజం చెప్పాలంటే, బేసిన్ పట్టుకుని కూర్చోవడం అతనికి నచ్చింది.

నాలుగో మోతాదప్పుడు ఢిల్లీలో అతనికి సన్మానం జరిగింది. మూడు రోజులు ఊళ్ళో లేడు. బొబ్బిలి నించి లాస్య చెల్లెలు చైత్ర వచ్చి తోడుంది. తిరిగొచ్చేసరికి బేసిన్ పెట్టినచోటే ఉంది. లాస్య బాల్కనీలో కూర్చుని, ఆవకాయ కలుపుకుని రెండుసార్లు అన్నం పెట్టించుకున్నానని చెప్పింది.

ఐదో మోతాదుకి ప్రణీత్ ఇంట్లోనే ఉన్నాడు. పేగులు బయటికొస్తాయేమో అన్నట్టు వాంతులయ్యాయి. తెల్ల రక్తకణాలు సగానికి పడిపోయాయి. మిగిలింది ఆరోది, ఆఖరిది. దానికి ముందు కొన్నాళ్ళు చెల్లెలి దగ్గర ఉండి వస్తానని లాస్య అడిగింది. చూద్దాం అన్నాడు.

ప్రణీత్ ల్యాబ్‌కి వెళ్ళి యంత్రం ముందు కూర్చున్నాడు. ఒంటి గడియారాలన్నిటినీ కనిపెట్టుకుని ఉండే ఆ యంత్రం పేరు ఘడియ. తన భార్య గడియారం ఎందుకు తప్పుతోందో వెతకమన్నాడు.

"ఒక కాలదాత దొరికింది" అంది ఘడియ.

ఒంట్లోని గడియారాన్ని బయటినించి తిప్పేవాటిని కాలదాతలంటారు. ఎండ, తిండి, పక్కన మసిలే మనుషులు.

"ఏమిటది?"

"మీరు."

ఘడియ లెక్కలన్నీ చూపించింది. అతని అడుగుల చప్పుడు వినబడితే చాలు, లాస్య ఒంట్లోని గడియారం గంటా నలభై నిమిషాలు ముందుకి దూకుతోంది. విశ్రాంతిలో ఉండాల్సిన కణాలు లేచి నిలబడుతున్నాయి. పరికరం అది పసిగట్టేలోపే మందు వాటి మీద పడుతోంది.

ప్రణీత్ ఎన్నడూ భార్య మీద చెయ్యెత్తలేదు. గొంతు పెంచలేదు. పొద్దున్న ఐదూ నలభైకి కాఫీ రావాలి. నాలుగు నిమిషాలు ఆలస్యమైతే పల్లెత్తు మాట అనడు, గోడ గడియారం వంక చూస్తాడు, అంతే. కూరకి, ఇస్త్రీ బట్టలకి, పుట్టింటినించి తిరిగొచ్చే బస్సుకి కూడా అంతే. ముప్పై ఏళ్ళు ఆ చూపు పడకముందే లేచి నిలబడటం లాస్య ఒంటికి అలవాటైపోయింది.

"మీరు దూరంగా ఉంటే ఆరో మోతాదు సాఫీగా జరిగిపోతుంది. దగ్గరుంటే ప్రాణానికే ప్రమాదం" అంది ఘడియ.

బొబ్బిలి వెళ్ళు అని ఒక్క మాట అంటే సరిపోతుంది. కారణం కూడా చెప్పక్కర్లేదు. కానీ మొగుణ్ణి వదిలి వెళ్తే గానీ పెళ్ళాం కోలుకోలేదని రేపు నలుగురూ అనుకోవడం అతనికి కనబడింది. సిగ్గేసింది. ఆ సిగ్గు కాసేపట్లోనే కోపమైంది. ముప్పై ఏళ్ళలో ఒక్క మాట అన్నానా అనుకున్నాడు.

"ఆ కాలదాతని జాబితాలోంచి తీసెయ్."

"కారణం ఏమని రాయను?"

"కొలతలో పొరపాటు."

"తీసేశాను. రోగికి పంపిన నివేదిక మాత్రం వెనక్కి తీసుకోలేను. ఆవిడ ఇందాకే చదివేశారు."

ఇంటికొచ్చాడు. లాస్య నివేదిక ఊసెత్తలేదు. బొబ్బిలి వెళ్ళనా అని మాత్రం మళ్ళీ అడిగింది. అడక్కుండా గడప దాటడం ఆమెకి చాతకాదు. ప్రణీత్ ఆమె మొహం చూడకుండా, "అక్కడ నిన్ను ఎవరు చూసుకుంటారు?" అన్నాడు. ఆమె సరే అన్నట్టు తలూపింది.

మర్నాడు ఒక ఛానెల్ అమ్మాయి కెమెరాతో వచ్చింది. భర్త గురించి నాలుగు మాటలు చెప్పమంది. లాస్య దిండుకి ఆనుకుని నెమ్మదిగా చెప్పింది.

"ఈయన ఇంట్లో లేని మూడు రోజులు నేనెలా ఉన్నానో నాకు తెలుసు. ఇప్పుడు ఈయనకీ తెలుసు. అయినా నన్నొదిలి ఒక్క పూట కూడా వెళ్ళనంటున్నారు."

ఆ అమ్మాయి కళ్ళు తుడుచుకుంది. ఇంతలో లాస్యకి వాంతి వచ్చింది. ప్రణీత్ పరుగున బేసిన్ తెచ్చి పట్టాడు. కెమెరాకి అడ్డం రాకుండా కొంచెం పక్కకి జరిగాడు కూడా.

వాంతి ఆగాక, అతని చేతికున్న పట్టీలోంచి ఘడియ అడిగింది. "డాక్టర్‌గారూ, ఆరో మోతాదు ఎల్లుండి పొద్దున. ఆ సమయానికి మీరెక్కడుంటారు?"

లాస్య తలెత్తి అతని వంకే చూసింది. ప్రణీత్ తువ్వాలు తీసి ఆమె మూతి తుడిచాడు.

"ఇక్కడే ఉంటాను" అన్నాడు.

అని, అలవాటుకొద్దీ గోడ గడియారం వంక చూశాడు.