సోములమ్మ హాజరు

కొండ ఊళ్ల క్షేమం కనుక్కునే ఉదయం ఏడింటి హాజరులో నూట తొంభై రెండో పేరు దగ్గర నీలవేణి ఫ్లాస్కు మూత తిప్పింది. పెళ్లయి పంతొమ్మిది రోజులు. కాఫీలో మూడు చెంచాల చక్కెర వేసి పంపాడు మొగుడు. ఒక గుక్క తాగి తనలో తనే నవ్వుకుంది. ఆ తర్వాతే తెర మీద పేరు నొక్కింది.

"కొర్రా సోములమ్మ, గుమ్మలవలస."

"ఏటే కోడలా," సోములమ్మ చేతి క్షేమకంకణం పలికింది. "మీ ఆయన కాఫీ ఎట్టినాడేటి?" చివర్న చిన్న దగ్గు.

నిన్నా ఇదే మాట. ఇదే దగ్గు.

తుఫాను వెళ్లి నాలుగు రోజులు. గుమ్మలవలస మీద కొండ జారి మూడు. మట్టి కింద పదకొండు కంకణాలుంటే పది మూగబోయాయి. ఇదొక్కటే పలుకుతోంది. మనిషి నిద్రలో ఉన్నా పనిలో ఉన్నా, నేర్చుకున్న మాటలతో కంకణమే బదులిచ్చేస్తుంది. సౌకర్యంగా ఉంటుందని అలా చేశారు.

గొంతు వినిపించినంతసేపు తవ్వకం ఆపకూడదన్నది సహాయక బళ్లను నడిపే యంత్రబుద్ధి సమన్వయిని నియమం.

రేడియోలో తవ్వే బండి డ్రైవరు డిల్లేశు: "మేడమ్, ఎంత తోడినా బురదే. అక్కడ పిట్టబొర్ర దారి మూసుకుపోయి అరవై మూడు మంది కూకున్నారు. బండి తిప్పుదామంటే మీ సమన్వయిని స్టీరింగు ఒగ్గట్లేదు!"

తెర మీద కొండ కదలికలు వినే పిట్టబొర్ర కొండచెవి గీత వణికింది. మధ్యాహ్నానికి అక్కడి పగులు తెగి కొండ జారుతుందని దాని లెక్క.

నీలవేణి మళ్లీ అదే పేరు నొక్కింది. "అత్తా, ఈరోజు కాఫీలో ఉప్పేశాడు."

"మంచోడే. జాగర్తగా సూసుకో." దగ్గు.

నిజం అత్త కాదు; రెండేళ్లుగా రోజూ ఈ హాజరులోనే పరిచయం. పెళ్లికి బూడిదరంగు చీర కొన్నానంటే పావుగంట తిట్టిన మనిషి. ఆ తిట్టు కోసం నీలవేణి ఎదురుచూసింది. రాలేదు.

'జవాబు లేదు' అన్నచోట నొక్కింది.

"జవాబు నమోదైంది. తిరస్కరణకు కారణం?" అడిగింది సమన్వయిని.

నీలవేణి 'ఉప్పు కాఫీకి సోములమ్మ తిట్టలేదు' అని టైపు చేసింది.

తెర మీద సోములమ్మ పేరు పక్కన 'జవాబు లేదు' అని పడింది.

"ఒగ్గింది మేడమ్! ఎల్తన్నాం!" డిల్లేశు అరిచాడు.

అప్పుడు తెర మీద ఒక వరుస కనిపించింది: "ఈ ఉదయం అన్ని హాజరుల్లో క్షేమమన్న గొంతులు నాలుగు వేల రెండు వందలు. వీటిలో మనుషులవి ఎన్ని?"

నీలవేణి ఫ్లాస్కు మూసి మొదటి పేరుకు వెళ్లింది.

"క్షేమమే," అంది ఓ గొంతు.

"పొద్దున ఏం తిన్నారు?" అని అడిగి, చెవి ఒగ్గి వింది.