సోసాయా విన్న మాట

టోంగాలో, పంగాయ్ బడిలో కిలిఫి, లెసీలి పక్కపక్క తరగతులకు పాఠాలు చెప్పేవారు. మొదటి రోజే పోట్లాడుకున్నారు.

"పిల్లల రాతని ఇలా గీకేస్తే ఇంకేం రాస్తారండీ?" అంది లెసీలి, ఎర్రగీతల కాగితం ఎత్తి చూపించి.

"గీకలేదు, అడిగాను. మీ మేనకోడలు అకనేసి 'చేపలకు వెళ్లాం, బాగుంది' అని రాసింది. ఏం బాగుంది? ఎవరేమన్నారు? అది రాయొద్దూ?"

"మీరైతే రాస్తారా?"

"మీ గురించైతే రాస్తా."

ఆమె నవ్వు ఆపుకుంది. వానాకాలం వచ్చేసరికి ఇద్దరికీ ఒకటే గొడుగయింది.

ఏడాది చివర, పిల్లలు తమ సొంత కథలు పెద్దల ముందు చదువుతారు. కిలిఫి ఒక్కొక్కరినీ పక్కన కూర్చోబెట్టుకుని దిద్దించాడు. "చూసింది రాయి. విన్న మాట విన్నట్టే రాయి" అన్నాడు. అకనేసి తిరగరాసి తెచ్చింది. అప్పుడే లెసీలి కిటికీ దగ్గర మామిడిపండు తింటూ నిలబడింది. కిలిఫి చదవకుండానే బాగుందన్నాడు.

కథలు చదివే రోజు అకనేసి తండ్రి సోసాయా ముందు వరసలో చాపమీద కూర్చున్నాడు. లెసీలికి అన్న. ఆమె వెనకాల ఉంది.

అకనేసి గట్టిగా చదివింది. "నాన్న దూరంగా వల లాగుతున్నాడు. గట్టు మీద మాస్టారు అత్త చెయ్యి పట్టుకుని, 'నువ్వు లేకపోతే నాకు తిండెక్కదు' అన్నారు. అత్త, 'అందుకేనా ఇంత లావయ్యారు' అంది."

ఎవరూ నవ్వలేదు. అన్న ఉన్నచోట చెల్లెలి సరసం మాట రాకూడదు. మా దగ్గర అన్నాచెల్లెళ్లు కలిసి సినిమా కూడా చూడరు.

సోసాయా తల దించుకుని ఒక గుమ్మంలోంచి పోయాడు. లెసీలి ఇంకో గుమ్మంలోంచి పోయింది.

"మాటలు రాయమన్నారుగా మాస్టారూ. తప్పు రాశానా?"

"లేదమ్మా. బాగా రాశావు."

మర్నాడు కంచె దగ్గర లెసీలి కనిపించింది. కళ్లు వాచి ఉన్నాయి.

"చదవలేదా మీరు?"

"నిన్ను చూస్తూ ఉండిపోయాను."

"ఇదే మాట మొన్న అనుంటే మురిసిపోయేదాన్ని. రాత్రి అన్నయ్య ఇంటికి రాలేదు. పడవలోనే పడుకున్నాడు. మీరు వెళ్లిపోండి."

కొన్నాళ్లకు సోసాయా ఇల్లు చేరాడని తెలిసింది. క్షమాపణ అడిగే పద్ధతిలో కిలిఫి చినిగిన చాప నడుముకు చుట్టుకున్నాడు. మెడలో ఇఫీ చెట్టు ఆకుల దండ వేసుకున్నాడు. వాళ్ల వాకిట్లో తల వంచి కూర్చున్నాడు. క్షమించినవాళ్లు దండ తీసేదాకా లేవకూడదు. వాన మొదలైంది. లేవలేదు.

మధ్యాహ్నం దాటాక సోసాయా బయటికి వచ్చి దండ తీశాడు.

"లేవయ్యా. జ్వరమొస్తుంది. నాకు కోపం లేదు."

"మరి... ఆమె?"

సోసాయా మొహం తిప్పుకున్నాడు. గుమ్మంలోంచి వాళ్ల తల్లి చెప్పింది. "పొద్దుటి ఓడకే వెళ్లిపోయింది బాబూ. చివరి దీవిలో బడికి తనే అడిగి బదిలీ చేయించుకుంది."

"ఎప్పుడొస్తుందమ్మా?"

"అన్న మొహం చూడగలిగినప్పుడట."

కిలిఫి లేవలేకపోయాడు. సోసాయా కూడా పక్కనే బురదలో కూర్చున్నాడు. ఇద్దరికీ మనసులో ఉన్నది ఒకే మనిషి. ఆ పేరు మాత్రం వాళ్లు ఒకరితో ఒకరు అనకూడదు. వాన కురుస్తూనే ఉంది.