వాడని చాకు

"మళ్ళీ వచ్చాడే!"

చాకుల షాపు కౌంటర్ దగ్గరున్న అమ్మాయి కళ్ళు చిన్నవయ్యాయి. మూడు వారాల్లో ఇది నాలుగోసారి.

"దీని లాక్ కొంచెం గట్టిగా ఉందండీ," అంటూ మడతచాకు తీసి ముందు పెట్టాడతను. మొదటి చాకేమో తెరిచే బొడిపె బొటనవేలికి అందలేదట. రెండోదానికి క్లిప్పు జేబుకి పట్టలేదట. మనిషికి వంకలకేం తక్కువ లేదు!

ఆమె అనుమానానికీ కారణముంది. పోయినేడు ఇలాగే ఒకడు తియ్యగా మాట్లాడుతూ చాకులన్నీ తిప్పి తిప్పి చూసి వెళ్ళాడు. రెండు నెలలు తిరక్కుండానే, నాన్న కష్టపడి తయారుచేసిన లాక్ లాంటిదే ఎదురు షాపు చాకుల్లో ప్రత్యక్షం! "ఇంకోసారి ఇలా జరిగిందా, నువ్వు కౌంటర్ దిగాల్సిందే," అన్నాడు నాన్న.

అందులోనూ ఇతని నవ్వు బాగుంటుంది. అసలు భయం అదే.

"గోడౌన్‌లో మీ పనేంటన్నారు?"

"అట్టపెట్టెలు విప్పడమండీ. ఒక చెయ్యి పెట్టె మీదే ఉండాలి. అందుకే ఒంటిచేత్తో తెరుచుకునే చిన్న చాకు కావాలన్నా."

"రోజుకెన్ని విప్పుతారు?"

"రెండొందల పైనే."

ఆమె బ్లేడు తెరిచి లైటు కింద పెట్టింది. "మరి టేపు జిగురు చుక్కైనా అంటలేదేం?"

అతని చూపు గోడ మీదికి పోయింది.

"పెట్టెలు కొయ్యలేదు. చాకుని ఇంటికి తీసుకెళ్ళి, లాక్ విప్పి చూస్తున్నారు. ఎదురు షాపువాళ్ళేగా పంపింది? నాన్నని పిలవనా?" గట్టిగానే అడిగింది గానీ, అవునని మాత్రం అనకూడదని మనసులో మొక్కుకుంది.

"అయ్యో రామ! ఎదురు షాపేంటండీ!" అతను గోడ మీది బోర్డు చూపించాడు. 'వాడిన చాకులు మార్చబడవు.' "వాడితే మీరు మార్చరు. మార్చకపోతే నేను ఏ వంక పెట్టుకుని మళ్ళీ రావాలి?"

"మరి పెట్టెలు?"

"తాళంచెవితో. కుదరకపోతే పళ్ళతో. మా సూపర్‌వైజర్ నన్ను ఎలుక అంటున్నాడు."

ఆమె నవ్వు ఆపుకుంది. అంత తేలిగ్గా నమ్మేరకం కాదు. "ఏదీ, చేతులు చూపించండి."

చాపాడు. గోళ్ళ సందుల్లో జిగురు నల్లగా పేరుకుని ఉంది.

"మొదటి చాకే బ్రహ్మాండంగా ఉందండీ," అన్నాడతను తలొంచుకుని. "కానీ నాకు మీరు నచ్చారు. చెప్పేశాను. ఇక నాన్నగారిని పిలవండి."

ఆమె పిలవలేదు. కొత్త స్టాకు పెట్టెను కౌంటర్ మీదికి లాగి, ఒంటిచేత్తో టక్కున అతని చాకు తెరిచి, టేపును ఈ చివర నుంచి ఆ చివరికి కోసిపారేసింది.

"అయ్యయ్యో, వాడేశారా! ఇక మార్చరుగా!"

"మార్చం." చాకు మడిచి అతని అరచేతిలో పెట్టింది. "కానీ వాడే చాకుకి వారం వారం సాన పట్టాలి. పట్టేది నేనే. చాలాసేపు పడుతుంది, కూర్చోవాలి మరి."