జానెడు ఎత్తు

సంతకం పెడితే కేసు, పెట్టకపోతే ఉన్న పని ఊడుతుంది. రెండు వైపులా నష్టమే ఉన్న ఈ బేరం పట్టుకుని, శనివారం పొద్దున్నే మరియంబీ ఏలూరులో ఇనాయతుల్లా గారి మేడమెట్లు ఎక్కింది.

ఇనాయతుల్లా ముప్పై ఏళ్ళు కాటాలు అమ్మిన మనిషి. దొంగ తూకాలు పట్టీ పట్టీ మనుషుల మాటలు తూచడం అబ్బింది. ఇప్పుడు గొడవల్లో ఎవరి మాట నిజమో తేల్చడమే ఆయన వృత్తి. ఆయన దగ్గర రెండేళ్ళుగా పనిచేస్తున్న భాగ్యశ్రీ, వచ్చినామెకు కుర్చీ వేసి మంచినీళ్ళిచ్చింది.

"మా అబ్బాయి నౌషాద్ కైకలూరు ఐసు ఫ్యాక్టరీలో క్రేన్ నడుపుతాడండీ," అంది మరియంబీ. "నిన్న మధ్యాహ్నం వైరు తెగి, ఐసు డబ్బాల వరస పేతురనే పనివాడి కాలి మీద పడింది. కాలు నిలుస్తుందో లేదో డాక్టర్లు చెప్పలేకపోతున్నారు. తప్పంతా మావాడిదేనని కాయితం రాసి, సాయంత్రంలోగా సంతకం పెట్టమంటున్నారు."

"మీవాడేమంటాడు?" అనడిగాడు ఇనాయతుల్లా.

"పైకెళ్ళిన కొక్కెం దానంతటదే ఆగాలట. ఆగలేదంటాడు. పోలీసులు తెచ్చిన మెకానిక్కు మీట నొక్కి చూస్తే మోటారు చక్కగా ఆగిందట."

"లెక్క మీవాడి మీదే తేలితే నేను దాచనమ్మా."

"దాచొద్దు అన్నగారూ. వాడిదే తప్పయితే నేనే దగ్గరుండి సంతకం పెట్టిస్తాను."

పది గంటలకు ముగ్గురూ ఫ్యాక్టరీలో ఉన్నారు. పొడుగాటి షెడ్డు. చెక్కల కింద ఉప్పునీళ్ళ ట్యాంకు, అందులో వరసలుగా ఐసు గడ్డకట్టే డబ్బాలు. నెత్తిమీద ఈ గోడ నుంచి ఆ గోడ దాకా క్రేన్ దూలం. దాని కొక్కెం వరసకు పది డబ్బాలను ఒక్కసారే పైకి లాగుతుంది. ఇప్పుడు తెగిన వైరు మెలికలు తిరిగి వేలాడుతోంది.

నౌషాద్ స్తంభం మీది సుద్దగీతలు చూపించాడు. "రోజూ పొద్దున్నే ఖాళీ కొక్కెం పైదాకా ఎత్తి చూస్తానండీ. అది ఆగాకే గీత గీసి పని మొదలెడతాను. ఇదుగో, నిన్నటి గీత."

"మధ్యాహ్నం?" అన్నాడు ఇనాయతుల్లా.

"ఒంటిగంటకు నమాజుకెళ్ళి రెండింటికొచ్చాను. మళ్ళీ చూళ్ళేదండీ." అతని తల దిగిపోయింది.

"క్రేన్ ఎక్కడ ఆపి వెళ్ళావు?"

"నిచ్చెన దగ్గర. శుక్రవారం నేను లేని ఆ గంటలో మేనేజరుగారు యంత్రాలకు పసుపూ కుంకుమా పెడతారండీ. ఆయన కోసం అక్కడే ఆపుతాను."

మేనేజరు కనకరత్నం అందుకున్నాడు. "నేను కింద స్తంభానికే పెడతానండీ. మోకాళ్ళ నొప్పులు. ఆ నిచ్చెన ఎక్కి మూడేళ్ళయింది. పైకెక్కేది మా ఎలక్ట్రీషియన్ జ్ఞానయ్య ఒక్కడే."

"నెలకోసారి గ్రీజు పెట్టడానికి ఎక్కుతానండీ," అన్నాడు జ్ఞానయ్య. "నిన్న ఎక్కలేదు."

ఇనాయతుల్లా చూపు డబ్బాల మీదికి మళ్ళింది. పాతవాటి పక్కన కొత్తవి జానెడు పొడుగున్నాయి.

"పెద్ద దిమ్మలైతే రొయ్యల లారీలు తొందరగా కదులుతాయని నేనే తెప్పించానండీ," అన్నాడు కనకరత్నం. "నిన్ననే మొదటిసారి తీశాం."

"పొద్దున రాలేదు కదండీ," అన్నాడు నౌషాద్. "కొక్కెం ఆగేసరికి డబ్బా అడుగు ట్యాంకు అంచుకు జానెడు కిందే ఉండిపోయింది. మధ్యాహ్నం మీరు, కొక్కేనికి డబ్బాలను తగిలించే స్లింగు పొట్టి చేయించామన్నారు. అప్పుడొచ్చాయి. మూడు వరసలు లారీ ఎక్కించాను. నాలుగో వరసకే..."

"జ్ఞానయ్యకు చెప్పాను. చేశాడనుకున్నాను," అన్నాడు కనకరత్నం.

"నాతో ఎవరూ అనలేదండీ!" జ్ఞానయ్య గొంతు లేచింది.

ఇనాయతుల్లా మెయిన్ స్విచ్ ఆపించి, తాళం వేసి, చెవి జేబులో వేసుకున్నాడు. "ఎక్కమ్మాయ్. ఇప్పుడు నువ్వు దిగేదాకా ఇది కదలదు."

భాగ్యశ్రీ చున్నీ బిగించి ఎక్కింది. పైన లిమిట్ స్విచ్ పెట్టె, దాని పక్కన మీట ఉన్నాయి. కొక్కెం వచ్చి తగిలితే మోటారును ఆపేది ఆ మీటే. మీట మొదట్లో గ్రీజుకు అతుక్కుని వేలెడంత నీలం వలతాడు ముక్క కనిపించింది. పెట్టె అంచున ఇంకొకటి కూడా ఉంది. ఆమె దాన్ని ముట్టుకోలేదు. కిందికి దిగి ఆయన చెవిలో చెప్పింది. ఆయన అప్పటిదాకా స్లింగు బోల్టులు తడుముతూ ఉన్నాడు.

ఫ్యాక్టరీ యజమాని భాస్కరరావు శుక్రవారమంతా విజయవాడలో ఉండి, రాత్రే వచ్చాడు. ఆయన్నీ పిలిపించి, ట్యాంకు పక్కన అందరినీ నిలబెట్టి ఇనాయతుల్లా మొదలుపెట్టాడు.

"మూడు వరసల పెద్ద దిమ్మలు లారీ ఎక్కాయి. కొక్కెం ఆగాల్సిన చోట ఆగుంటే ఒక్కటీ బయటికి రాదు. పోనీ, స్లింగు పొట్టి చేశారా? ఈ బోల్టుల మీద ఉప్పు పెచ్చులు కట్టింది. ఏడాదిగా పానా తగల్లేదు. మరి జానెడు ఎత్తు ఎక్కణ్ణుంచి వచ్చింది? పైనుంచి. మీటను వలతాడుతో వెనక్కి కట్టేశారు. ఇక కొక్కేనికి హద్దు లేదు. నాలుగోసారి వెళ్ళి, వైరు చుట్టుకునే డ్రమ్ముకు గుద్దుకుంది, వైరు తెగింది. అందరూ పేతురు చుట్టూ మూగినప్పుడు కట్టినవాడే ఎక్కి తాడు కోసేశాడు. అందుకే మెకానిక్కు వచ్చేసరికి మీట మళ్ళీ బుద్ధిగా పనిచేసింది."

"జ్ఞానయ్యా!" అని భాస్కరరావు అరిచాడు.

"ఆగండి. జ్ఞానయ్య చెయ్యి గ్రీజు చెయ్యి. పైన పెట్టె అంచున ఉన్నది పసుపు వేలిముద్ర." ఇనాయతుల్లా మెల్లగా తిరిగాడు. "మోకాళ్ళ నొప్పులున్న మనిషి వేలు అంత ఎత్తుకు ఎలా ఎక్కిందండీ, కనకరత్నం గారూ?"

కనకరత్నం చెక్కల మీద చతికిలబడ్డాడు. "డబ్బాలు సరిపోతాయని అయ్యగారికి మాటిచ్చింది నేనండీ. బయట లారీలు వరస కట్టాయి. ఒక్క పూటే కదా, సాయంత్రం విప్పేద్దామనుకున్నాను."

"ఆ ఒక్క పూటకే పేతురు కాలు నలిగింది. మా వాడి మెడకు తాడు పడింది," అంది మరియంబీ.

భాస్కరరావు నౌషాద్ సంతకం కోసం రాయించిన కాయితాన్ని నాలుగు ముక్కలు చేసి, పోలీసులకు ఫోను కలిపాడు. భాగ్యశ్రీ ఊపిరి పీల్చుకుంది. కానీ ఇనాయతుల్లా తూకం ఇంకా పూర్తి కాలేదు.

"నౌషాద్, నీ వంతూ ఉంది. గీత పొద్దుటిది, బరువు మధ్యాహ్నానిది. మూడుసార్లు డబ్బా అంచు దాటగానే వేలు తీశావు. నాలుగోసారి కొక్కెం దానంతటదే ఆగుతుందన్న ధీమాతో ఎత్తే బటన్ మీంచి వేలు తియ్యలేదు. పేతురు బరువు కిందికొచ్చినా ఆపలేదు."

"అవునండీ," అన్నాడు నౌషాద్, తల్లి వైపు చూస్తూ. "నా వంతు నేను రాసిస్తాను."

మరియంబీ తల ఊపింది.

మరుసటి శుక్రవారం భాగ్యశ్రీ మళ్ళీ కైకలూరు వెళ్ళింది. పేతురు పాదం తీసేశారు, ప్రాణం నిలిచింది. క్రేన్‌కు కొత్త వైరు వేశారు. నమాజు నుంచి నౌషాద్ వచ్చేసరికి రెండు దాటింది. బయట లారీ హారన్ ఆపకుండా మోగుతోంది.

"కానీవయ్యా బాబూ! రొయ్యలు చస్తాయి!" అని డ్రైవరు కేకేశాడు.

"చచ్చే వచ్చాయి కదండీ, ఇంకో నిమిషం ఆగుతాయి."

నౌషాద్ అందరినీ గోడవారకు పంపించి, ఖాళీ కొక్కెం పైకెత్తాడు. టక్కుమని ఆగింది. అప్పుడు జేబులోంచి సుద్దముక్క తీసి, స్తంభం మీద పొద్దుటి గీత పక్కన రెండో గీత గీశాడు.