వినిపించని టక్

"అనుమానితులు ఇద్దరే," అన్నాడు చీఫ్, తలుపు గడియ తనే పెట్టి వచ్చి. "ఒకరు మన పట్టుస్కార్ఫ్. రెండోది నీ చెల్లెలు."

ఏజెంట్ తల ఊపాడు.

విదేశీ ముఠా గుట్టంతా తెలిసిన శాస్త్రవేత్త ఒకడు మన వైపు వచ్చేశాడు. మధ్యాహ్నం అతన్ని ఎలక్ట్రిక్ వ్యాన్‌లో ఎయిర్‌పోర్టుకు చేర్చాలి. నడిపేది చెల్లెలు. వ్యాన్‌ను దారిలోనే బూడిద చెయ్యాలని ముఠా ప్లాన్. అందుకు మన లోపలివాళ్ళెవరో సాయం చేస్తున్నారు. ఆ వ్యాన్ ఉండే వర్క్‌షాప్‌కు ఇన్‌చార్జిగా నటిస్తున్న, పట్టుస్కార్ఫ్ అనే మారుపేరున్న ఆమె ఆ ముఠాలో మన డబుల్ ఏజెంట్. ఇంకా మన మనిషేనా అన్నదే సందేహం.

ఎలక్ట్రీషియన్ వేషంలో, మీటర్‌లో దాచిన ట్రాన్స్‌మిటర్‌తో ఏజెంట్ వర్క్‌షాప్‌లోకి దిగాడు.

"పెద్ద ఫ్యూజ్ దొరుకుతుందా?" అని కోడ్ విసిరాడు.

"చల్లారాక ఇస్తాను," అని పట్టుస్కార్ఫ్ నవ్వింది. అందమైన నవ్వే, అందుకే నమ్మబుద్ధి కాలేదు. బాంబు సీటు కింద ఉందని చెవిలో ఊదింది. వ్యాన్ మెయిన్ స్విచ్ ఆఫ్ చేశాను, ధైర్యంగా వెతుక్కోమని చెప్పి గేటు వైపు నడిచింది.

వ్యాన్ వెనక భాగంలోకి ఎక్కి సీట్లన్నీ ఎత్తి చూశాడు. బాంబూ లేదు, పాడూ లేదు. ఈలోగా చెల్లెలు శాస్త్రవేత్తను తెచ్చి వెనక కూర్చోబెట్టింది. ఆమె కళ్ళలోకి సూటిగా చూస్తూ, బండిలో ఏమైనా తేడా ఉందా అని అడిగాడు. అలా అడగాల్సి వచ్చినందుకు అతనికే సిగ్గేసింది.

"ఆఫ్ చేస్తే టక్‌మనట్లేదన్నయ్యా. నిన్ననే ఇన్‌చార్జికి చెప్పాను. ఏం పర్లేదంది." అన్నను, శాస్త్రవేత్తను లోపలే ఉంచి వెనక తలుపు వేసి, డ్రైవర్ సీటుకు వెళ్ళింది.

ఆ టక్ కాంటాక్టర్‌ది, బ్యాటరీ కరెంటును కలిపి విడదీసే పెద్ద స్విచ్‌ది. అది మూగబోయిందంటే లోపలి ముక్కలు అతుక్కుపోయినట్టే. ఆఫ్ చేసినా కరెంటు ఆగదు. మీటర్ పెట్టి చూశాడు. ఆఫ్‌లోనే ముల్లు ఎగిరింది.

గబగబా నేల మీది మూత తీశాడు. ఫ్యూజ్ ఉండాల్సిన చోట ఫ్యూజ్ రంగు పూసిన రాగి కడ్డీ. పక్కనే కేబుల్ తొడుగు గీరేసి ఉంది. ఒక్క కుదుపు చాలు, తీగ వ్యాన్ ఇనుప చట్రానికి తగులుతుంది. ఫ్యూజ్ కాలదు, వ్యాన్ కాలుతుంది. ఇక బాంబెందుకు?

వ్యాన్ కదిలింది. గేటు దగ్గర పట్టుస్కార్ఫ్ చెయ్యి ఊపుతోంది. ఎదురుగా స్పీడ్ బ్రేకర్. డ్రైవర్ సీటుకూ అతనికీ మధ్యలో మందపు అద్దం, అతని కేక చెల్లెలికి చేరలేదు. రబ్బరు గ్లవ్స్‌తో బ్యాటరీ కరెంటును పూర్తిగా తెంచే సర్వీస్ ప్లగ్ పట్టుకుని బలమంతా పెట్టి పీకాడు. నిప్పురవ్వలు లేచాయి. ముందు చక్రం స్పీడ్ బ్రేకర్‌కు ఆనుకుని ఆగింది.

మీటర్‌లోని ట్రాన్స్‌మిటర్‌లో చీఫ్‌కు ఒక్క మాట చెప్పాడు. మనవాళ్ళు చుట్టుముట్టారు, పట్టుస్కార్ఫ్ గేటు దాటలేదు.

"నన్నూ అనుమానించావా?" అని అడిగింది చెల్లెలు. అతను తల ఊపాడు.

"సరే. నెల్నాళ్ళుగా మనింట్లో ఫ్యాన్ తిరగట్లేదు. ఆ ఫ్యూజ్‌ని కూడా కాస్త అనుమానించండి, ఎలక్ట్రీషియన్ గారూ."