చెవిలో ఊదిన పొగ

జంగ్లీఘాట్‌లో తెల్లవారేసరికి జోగులు వేట నుంచి వచ్చి వల ఆరేసుకునేవాడు. అతని తల్లి గురమ్మ చుట్ట వెలిగించి, నిప్పున్న కొసను నోట్లోకి తిప్పి పెట్టుకునేది. పెళ్లయిన కొత్తలో విశాఖపట్నంలో ఓడెక్కి ఈ దీవికి వచ్చినప్పుడు ఆవిడ తెచ్చుకున్నవి ఒక ట్రంకుపెట్టె, ఈ అడ్డపొగ అలవాటు. పెట్టె ఎప్పుడో తుప్పుపట్టింది.

“జోగులూ, టీ సల్లారిపోతంది!”

జోగులు పలకలేదు. ఒక్క పిలుపుకి పలికే మనిషి కాదతను. అది పుట్టు పెంకితనమని తల్లీ పెళ్లామూ ఏనాడో తేల్చేశారు. అత్తాకోడళ్లిద్దరికీ పేచీ లేని విషయం అదొక్కటే.

ఆ ఉదయం నాలుగేళ్ల బుల్లమ్మ దగ్గుతూ, చెవి పట్టుకుని ఏడుస్తూ లేచింది.

“రా తల్లీ, మామ్మ మందేస్తాది,” అంటూ గురమ్మ మనవరాలిని ఒళ్లో పడుకోబెట్టుకుని, చెవిలోకి వెచ్చగా పొగ ఊదింది. పిల్లకి చక్కిలిగింతలు పుట్టి, ఏడుపు మధ్యలోనే నవ్వేసింది. చెవిలోంచి చీము కారడం మాత్రం ఆగలేదు. కోడలు అమ్మడు పిల్లని ఎత్తుకుని ఆసుపత్రికి బయలుదేరింది.

ఇంట్లో బీడీ, సిగరెట్టు ఎవరు తాగుతారని డాక్టరమ్మ కిందటిసారే అడిగింది. “కోయీ నహీ, మేడమ్,” ఎవరూ తాగరంది అమ్మడు. అబద్ధమాడాలని కాదు. అత్త తాగేది చుట్ట, అదీ నిప్పు నోట్లో పెట్టుకుని. నిప్పు లోపలుంటే పొగా లోపలే ఉంటుందని ఆ ఇంట్లో అందరి నమ్మకం.

ఈసారి చెవి చూడబోయిన డాక్టరమ్మ, అందులోంచి పొగాకు వాసన రాగానే ముక్కు చిట్లించింది. “తంబాకూ? బచ్చీ కే కాన్ మే?”

“మా అత్త మందుగా ఊదింది, మేడమ్,” అని అమ్మడు తనకొచ్చిన హిందీలో కాస్త గొప్పగానే చెప్పింది. తరవాత డాక్టరమ్మ చెప్పింది వింటుంటే ఆ గొప్ప కాస్తా జారిపోయింది. దగ్గూ, మాటిమాటికీ వచ్చే ఈ చెవిపోటూ ఇంట్లో పొగ వల్లేనట. ఇలాగే సాగితే పిల్లకి వినికిడి పోవచ్చట.

ఇంటికొచ్చి మొగుడి పక్కన చతికిలబడింది. “మీ అమ్మకి నువ్వే సెప్పు.”

“తుపానులోకైనా ఎల్తాను గానీ, ఆ పని నా వల్ల కాదు,” అన్నాడు జోగులు వల బాగుచేసుకుంటూ.

అమ్మడే చెప్పింది. గురమ్మ భగ్గుమంది.

“ఓలమ్మీ, నా సుట్ట మీద పడ్డాదేటి నీ కన్ను? ఈడికి సిన్నప్పుడు సెవిపోటొస్తే ఇలాగే ఊదినాను. ఈడు పెరగనేదేటి?”

“పెరిగినాడు! పిలిస్తే ఒక్కసారైనా పలుకుతాడేటి?”

నోరు జారి అన్న మాట అది. అన్నాక అమ్మడే ఉలిక్కిపడింది. గురమ్మ కొడుకు వైపు తిరిగింది. “జోగులూ!” జవాబు లేదు. లేచి వెళ్లి, ఒకప్పుడు తను పొగ ఊదిన అతని ఎడమ చెవి దగ్గర వంగి, మెల్లగా పిలిచింది. జోగులు ముడి బిగించుకుంటూనే ఉన్నాడు. భుజం తడితే అప్పుడు తలెత్తాడు.

“ఏటమా? కుడేపు నుంచి పిలువు. ఎడం సెవి సిన్నప్పుటి నుంచీ ఇనపడదు కదా.”

“మరి సెప్పనేదేట్రా?”

“నీకు తెలుసనుకున్నాను.”

గురమ్మ కూలబడింది. “పెంకితనమనుకున్నాన్రా నాయనా. ఎన్ని దెబ్బలు కొట్టినాను...” ఆ ఎడమ చెవిని అరచేత్తో నిమురుతూ ఏడ్చింది. తల్లి ఏడుపు చూడలేక జోగులు నవ్వబోయి తనూ ఏడ్చాడు. నోట్లో చుట్ట ఎప్పుడు ఆరిందో గురమ్మకి తెలియలేదు. మళ్లీ వెలిగించలేదు.

ఆ తరవాత ఆవిడ పోరు పడటం ఇంట్లోవాళ్లకి కష్టమే అయింది. పప్పులో ఉప్పు నచ్చేది కాదు, ఉప్పు సరిపోతే పప్పు నచ్చేది కాదు. అమ్మడు చుట్టకి బదులు బెల్లంముక్కలు అందించేది.

బుల్లమ్మ చెవి ఆరాక, ఒక సాయంత్రం గురమ్మ మనవరాలిని దగ్గరికి లాక్కుని, ఆ చెవిలోనే ఏదో గుసగుసలాడింది.

బుల్లమ్మ వీధంతా వినపడేలా అరిచింది. “అమ్మా! మామ్మకి ఒక్క సుట్ట కావాలంట! నీకు సెప్పొద్దంట!”

అమ్మడు గరిటెతో సహా గుమ్మంలోకి వచ్చింది. గురమ్మ సిగ్గుపడాల్సింది. కానీ మనవరాలిని గుండెకి హత్తుకుని, కన్నీళ్ల మధ్య నవ్వుతోంది.

“ఇనపడ్డాదే అమ్మడూ! నా గుంటకి ఇనపడ్డాదే!”

అమ్మడు కొంగుతో కళ్లు ఒత్తుకుని, బెల్లం డబ్బా తేవడానికి లోపలికి వెళ్లింది.